కాల్చేసిన ఒళ్లు కూడా లేస్తుందా అక్కా?

ఈస్టర్ దగ్గర పడేకొద్దీ నాకొచ్చే ఉత్తరాలన్నీ సమాధుల తోట వైపే తిరుగుతాయి. ఈసారి పోస్టులో వచ్చినవి, వాట్సాప్‌లో వచ్చినవి అన్నీ ముందేసుకుని కూర్చుంటే ఎక్కువ మంది అడిగింది ఒక్కటే, చచ్చిపోయినాక ఈ ఒళ్లు సంగతి ఏమవుతుంది అని. ఐదు ఉత్తరాలు తీసుకున్నా, పేర్లు రాయడం లేదు, ఊర్లు మాత్రం ఉంచినా. మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ పట్టింది, అది రాసిన అమ్మకి అంత అవసరం ఉంది కాబట్టి.

పుత్తూరు నుంచి ఒక అమ్మ:

అక్కా, మా ఆయన 2021 మే నెల్లో కరోనాతో పోయినారు. ఆఖరి నాలుగు రోజులు ఆసుపత్రిలో నన్ను లోపలికి పంపలేదు, పోయినాక మొహం కూడా చూపించలేదు, కవర్లో చుట్టి వాళ్లే తీసుకుపోయి కాల్చేసినాం అని తర్వాత ఫోన్లో చెప్పినారు. బూడిద కూడా నా చేతికి రాలేదు. మేము తాతల కాలం నుంచి సంఘంలో ఉన్నోళ్లం, మా అత్త, మామ, బావగారు అందరూ సమాధుల తోటలోనే ఉన్నారు, ఈయన ఒక్కరే లేరు. పోయిన ఈస్టర్‌కి తెల్లారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని వాళ్ల వాళ్ల సమాధుల దగ్గరికి పోతావుంటే నేను గేటు దగ్గరే నిలబడిపోయినా. అప్పుడు మా స్త్రీల సమాజంలో ఒక పెద్దామె, కాల్చిన ఒళ్లు ఎట్లా లేస్తుంది, అందుకే కదా మనోళ్లు పూడ్చేది అనేసింది. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లు మాదిరి ఉంది. నిజమేనా అక్కా?

జవాబు: నిజం కాదమ్మా. ముందు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకో, మిగతాది తర్వాత మెల్లిగా చదువు.

నీకు జరిగినట్టే చాలా కాలం కింద కొందరికి జరిగింది, అదీ వాళ్లని ఏడిపించడానికే చేసినారు. క్రీస్తుశకం 177లో ఇప్పటి ఫ్రాన్సు దేశంలో ఉండే లియోన్ ఊర్లో క్రైస్తవుల్ని హింసించి చంపినారు. చంపినోళ్లకి వీళ్లు శరీరం లేస్తుందని నమ్ముతారని తెలుసు, అందుకని శవాల్ని ఆరు రోజులు బయటపడేసి, ఆ తర్వాత కాల్చి, ఆ బూడిదని రోన్ నదిలోకి ఊడ్చేసినారు, ఇప్పుడు ఎట్లా లేస్తారో చూద్దాం అని. ఆ సంఘం వాళ్లు బతికున్నోళ్లు దీని గురించి రాసిన ఉత్తరాన్ని యూసేబియస్ అనే చరిత్రకారుడు తన పుస్తకంలో దాచిపెట్టినాడు. పూడ్చుకోలేకపోయినామే అనే బాధ ఆ ఉత్తరంలో ఉంది, నీ బాధ లాంటిదే. కానీ మనోళ్లు ఇక లేవరు అని మాత్రం ఆ సంఘం అనుకోలేదు. వాళ్లని హతసాక్షులు అని ఈరోజుకీ తలుచుకుంటున్నాం, ఆ పెద్దామె మాట నిజమైతే వాళ్లందరి సంగతి ఏమిటి? స్ముర్న ఊర్లో మంటల్లో వేసిన బిషప్పు పొలికార్పు సంగతి? సముద్రంలో మునిగిపోయి చేపల పాలైనోళ్లు? ప్రకటన గ్రంథంలో స్పష్టంగా ఉంది కదా, సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను అని. సముద్రమే అప్పగించేటప్పుడు నిప్పు అప్పగించదా?

ఇంకో మాట. మా నాయన సమాధి మా ఊరి తోటలో ఒక వేప చెట్టు కింద ఉంది, పూడ్చి ముప్పై ఏళ్లు దాటింది, ఆ చెట్టు వేర్లు ఎక్కడిదాకా పోయినాయో నాకు తెలుసు. ఆయన ఒళ్లు ఇప్పుడు ఆ ఎర్రమట్టిలో, ఆ వేప ఆకుల్లో ఉండేది. నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు అని ఆదికాండంలో దేవుడు చెప్పింది పూడ్చినోళ్లకీ కాల్చినోళ్లకీ ఒకటే, మట్టిలో ఏళ్లు పట్టేది నిప్పులో గంటల్లో అయిపోతుంది, తేడా అంతే. మట్టి తీసుకుని మొదటి మనిషిని చేసినోడికి మీ ఆయన్ని మళ్లీ లేపడానికి ఎముకలు వరసగా పేర్చి పెట్టుండాల్సిన పనిలేదు.

మరి మనోళ్లు పూడ్చడం ఎందుకు అంటావా, అది మంచి అలవాటే, నేను వదలమనను. యేసుప్రభువుని సమాధిలో పెట్టినారు కాబట్టి మనం కూడా అట్లాగే, అదొకటి. రెండోది, పౌలు చనిపోయినోళ్లని నిద్రించినవారు అంటాడు, ఇంగ్లీషోళ్లు సమాధుల తోటకి సిమెట్రీ అంటారు కదా, ఆ మాట గ్రీకులో నిద్రపోయే చోటు అనే మాట నుంచి వచ్చింది. పడుకోబెట్టినోళ్లని లేపుతారు అనే నమ్మకాన్ని ఆ గుంతలో పెట్టి చూపిస్తాం మనం. అంతేగాని పూడ్చకపోతే లేవరు అని ఏ పెద్ద సంఘమూ బోధించలేదు. రోమన్ కేథలిక్కులు చాలా కాలం దహనం వద్దన్నారు, వాళ్లు కూడా 1963లో ఒప్పుకున్నారు, 2016లో మళ్లీ చెప్పినప్పుడు కూడా పూడ్చడమే మంచిది అంటూనే కాల్చినా తప్పులేదు, బూడిదని మాత్రం చల్లేయకుండా పవిత్రమైన చోట పెట్టండి అన్నారు. నీ చేతికి బూడిద రాకపోవడం నీ తప్పు కాదు, ఆ రోజుల్లో ఎవరి చేతుల్లో ఏముంది.

పౌలు కొరింథు వాళ్లకి రాసిన మొదటి ఉత్తరం పదిహేనో అధ్యాయం రాత్రి పూట ఒకసారి నిదానంగా చదువు. అక్కడ కూడా ఎవరో ఇదే అడిగినారు, మృతులు ఎట్లా లేస్తారు, ఎట్లాంటి ఒంటితో వస్తారు అని. దానికి పౌలు విత్తనం చూపించినాడు. మన చిత్తూరు జిల్లా వాళ్లకి ఇది ఒకరు విడమర్చి చెప్పాలా? బెంగుళూరా మామిడి టెంక చేతిలో పెట్టుకుని చూస్తే దాంట్లో చెట్టు ఎక్కడైనా కనపడుతుందా, ఆకు లేదు పూత లేదు, ఎండిపోయి పీచు పట్టి పారేసేదానికి పనికొచ్చేట్టు ఉంటుంది. మట్టిలో అది చీలిపోయి కుళ్లితేనే మొక్క. చెట్టు వచ్చినాక ఆ టెంకని వెతికితే దొరకదు. కానీ ఒకటి గమనించు, మామిడి టెంక వేస్తే మామిడే వస్తుంది, చింత చెట్టు రాదు. లేచేది కొత్త ఒళ్లు, క్షయం లేని ఒళ్లు, జ్వరం రానిది, ఊపిరి అందక కొట్టుకోనిది, అయినా లేచేది మీ ఆయనే, ఇంకొకరు కాదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. నీ ఉత్తరంలో నువ్వు అడగలేదు కానీ వరసల మధ్య ఉంది, ఆయన ఒంటికి ఆఖరి స్నానం చేయించలేకపోయినా, మంచి చొక్కా తొడగలేకపోయినా అని. ఎవరెవరో వచ్చి, ఒళ్లుదేముందమ్మా, ఆత్మ ప్రభువు దగ్గరికి పోయింది కదా, ఒళ్లు ఉత్త గుడారం అని ఓదార్చి ఉంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ నాకు ఆ మాట సగమే అనిపిస్తుంది. మనం ప్రతి ఆదివారం నిలబడి విశ్వాస ప్రమాణం చెప్తాం, ఎక్కాలు అప్పజెప్పినట్టు గబగబా, దాంట్లో శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను అని ఉంది, ఆత్మ పైకి పోవడాన్ని నమ్ముతున్నాను అని ఊరుకోలేదు. దేవుడికి ఒళ్లు కూడా కావాలి. నువ్వు ఇరవై ఏళ్లు సంగటి కెలికి పెట్టిన ఒళ్లు, జ్వరం వస్తే తడిగుడ్డ వేసిన ఒళ్లు, అది సామాను చుట్టి వచ్చిన కవరు కాదు. అందుకే నీ దుఃఖం సరైన దుఃఖం.

ఇంకొకటి ఎప్పుడైనా ఆలోచించినావా, మొదటి ఈస్టర్ తెల్లారుజామున ఆ ఆడోళ్లు యేసు సమాధికి ఎందుకు పోయినారు? శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినం మొదలవుతా ఉంటే హడావుడిగా పెట్టేసినారు ప్రభువుని, వీళ్లు ఒంటికి సుగంధద్రవ్యాలు పూసే పని సరిగ్గా చేసుకోలేకపోయినారు, ఆ మిగిలిపోయిన పని చేసుకుందామని చీకటితోనే బయలుదేరినారు. అంటే ఆయన లేచినాడు అనే వార్త లోకంలో మొట్టమొదట విన్నది నీ లాంటి ఆడోళ్లే, ఆఖరి సేవ చేసుకోలేకపోయినామే అని ఏడ్చుకుంటా పోయినోళ్లు. ఇది చదివినప్పుడల్లా నాకు నీ లాంటి అమ్మలు గుర్తొస్తారు, 2021లో మన జిల్లాలోనే ఎంత మంది ఇట్లా మిగిలిపోయినారో.

ఏడుపు వస్తే ఏడువు. చనిపోయిన తన స్నేహితుడు లాజరుని ఇంకాసేపట్లో లేపబోతానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచెను అని రాసుంది. పౌలు కూడా ఏడవొద్దు అనలేదు, నిరీక్షణ, అంటే ఆశ, లేని వాళ్ల మాదిరి ఏడవొద్దు అన్నాడు.

ఈ ఈస్టర్‌కి గేటు దగ్గర నిలబడొద్దు. నేరుగా మీ అత్తమామల సమాధి దగ్గరికి పో, అక్కడ మీ ఆయన పేరు మీద ఇంకో కొవ్వొత్తి వెలిగించు. మీ అయ్యగారిని, అదే పాస్టరుని, అడిగి ఆ సమాధి పక్కనే మీ ఆయన పేరు, పుట్టిన రోజు, నిద్రించిన రోజు చెక్కించి ఒక రాయి పెట్టించు, కింద ఒళ్లు లేకపోయినా రాయి పెట్టుకోవచ్చు. మీ అయ్యగారు సందేహిస్తే ఈ పేజీ చూపించు. ఆ పెద్దామెతో గొడవ పెట్టుకోవద్దు, ఆమెకి చిన్నప్పట్నుంచీ ఎవరో అట్లా చెప్పినారు, అంతే.

తిరుపతి, యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక తమ్ముడు:

అక్కా, నా రూమ్మేట్ హిందువు, మంచి ఫ్రెండ్. మీ పునరుత్థానం, మా పునర్జన్మ రెండూ ఒకటే కదరా, పేరే వేరు అంటాడు. నాకు కాదనిపిస్తుంది కానీ ఎట్లా చెప్పాలో తెలియట్లేదు, వాడిని నొప్పించకుండా చెప్పాలి.

జవాబు: తమ్ముడూ, నొప్పించకూడదు అనుకున్నావు చూడు, అక్కడే సగం జవాబు అయిపోయింది. గీతలో ఒక శ్లోకం ఉంది, చావు జరిగిన ఇళ్ల ముందు మైకులో మనందరం విన్నదే, చినిగిపోయిన బట్టలు వదిలేసి మనిషి కొత్త బట్టలు కట్టుకున్నట్టు ఆత్మ పాత శరీరాన్ని వదిలి కొత్త శరీరంలోకి పోతుంది అని. ఆశ్చర్యం ఏంటంటే పౌలు కూడా బట్ట పోలికే వాడినాడు, కొరింథు వాళ్లకి రాసిన రెండో ఉత్తరం ఐదో అధ్యాయంలో, కానీ అటు తిప్పినాడు, మేము ఈ బట్ట విప్పేయాలని మూలగడం లేదు, దీని మీద ఇంకో బట్ట తొడుక్కోవాలని మూలుగుతున్నాం అంటాడు. మీ ఫ్రెండుకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు. అక్కడ ఒళ్లు మారిపోతా ఉంటుంది, జన్మ తర్వాత జన్మ, దాంట్లోంచి బయటపడడమే మోక్షం. ఇక్కడ ఒక్కటే బతుకు, ఒక్కటే చావు, ఒక్కసారే లేవడం, అదే మనిషి అదే పేరుతో, ఒంటిలోంచి విడుదల కాదు, ఒంటికే విడుదల. లాజరు సంగతి కూడా కలపొద్దు, ఆయన పాత ఒంటితోనే తిరిగి వచ్చినాడు కాబట్టి మళ్లీ చనిపోయుంటాడు, యేసు లేచింది అట్లా కాదు.

ఏది నిజం అనేది వాదించి గెలిచే విషయం కాదు. రెండూ ఒకటే అని కలిపేస్తే మాత్రం ఇద్దరి నమ్మకాన్నీ తక్కువ చేసినట్టే, వాడిదీ, నీదీ.

చిత్తూరు నుంచి ఒకరు:

నేను పుట్టు క్రైస్తవుడిని, డిగ్రీ చదివినా, కానీ ఒక మాట నిజం చెప్పాలి. అసలు యేసు చనిపోయి లేవడం జరిగిందా? శిష్యులు బాధలో కథ కట్టుకుని ఉండొచ్చు కదా. గుడిలో అడిగితే అనుమానం పాపం అంటారు.

జవాబు: అనుమానం పాపం కాదు, శిష్యుడు తోమా అనుమానపడితే ప్రభువు తిట్టలేదు, గాయాలు చూపించి వేలు పెట్టి చూడు అన్నాడు. ఆ తోమానే మన పక్కన చెన్నై దాకా వచ్చి మైలాపూర్ దగ్గర హతసాక్షి అయినాడని సంప్రదాయం చెప్తుంది.

ల్యాబులో పెట్టి రుజువు చూపించే పని నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. కానీ నన్ను నిలబెట్టేవి రెండు మూడు ఉన్నాయి. పౌలు ఆ పదిహేనో అధ్యాయం రాసింది సుమారు 55వ సంవత్సరంలో, అంటే సిలువ వేసి పాతికేళ్లు కూడా కాలేదు. దాంట్లో లేచిన యేసు కేఫాకి, అంటే పేతురుకి, కనపడినాడు, పన్నెండుగురికి కనపడినాడు, ఐదు వందల మందికి పైగా ఒకేసారి కనపడినాడు, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు అని రాసినాడు. పోయి అడుక్కోండి అన్నట్టే కదా. ఇంకా ఆయన, ఇది నేను కల్పించింది కాదు, నాకు అప్పగించినదే మీకు అప్పగించినా అంటాడు, అంటే అది ఆయన రాసేనాటికే పాతది. రెండోది, కథ కట్టేవాళ్లు అయితే మొదటి సాక్షులుగా ఆడోళ్లని పెట్టుకుంటారా? ఆ కాలం యూదుల్లో ఆడోళ్ల సాక్ష్యానికి విలువ లేదని జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడే రాసినాడు. లూకా సువార్తలో అపొస్తలులే ఆ ఆడోళ్ల మాటలు ఉత్త మాటలు అనుకున్నారు. కట్టుకథలో ఇట్లాంటి ఇబ్బందిపెట్టేవి తీసేస్తారు. మూడోది నాకు అన్నిటికంటే నచ్చేది, లూకా 24లో శిష్యులు భూతం అనుకుని భయపడితే ఆయన, తినడానికి ఏమన్నా ఉందా అని అడిగి కాల్చిన చేప ముక్క తీసుకుని వాళ్ల ముందు తిన్నాడు. ఆత్మ దర్శనం గురించి కథ కట్టేవాడికి చేప ముక్క ఎందుకు గుర్తొస్తుంది?

పౌలే చెప్పినాడు, క్రీస్తు లేపబడియుండనియెడల మేము చేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే అని. అంత దాచుకోకుండా మాట్లాడే మనిషిని నేను నమ్ముతా. నువ్వు ఇంకా నమ్మలేకపోతే గుడి మానొద్దు, అడగడం కూడా మానొద్దు. తోమా ఆ వారం రోజులూ అనుమానంతోనే మిగతా శిష్యుల మధ్య ఉన్నాడు, వాళ్లు బయటికి గెంటలేదు.

పలమనేరు నుంచి ఒక తల్లి:

మా పాపకి పదకొండేళ్లు, పుట్టినప్పట్నుంచి నడవలేదు, వీల్‌చెయిర్‌లోనే. గుడికి పోతే ప్రతి ఒక్కరూ, పరలోకంలో గంతులేస్తుందిలేమ్మా అంటారు. వాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ మొన్న పాప నన్ను అడిగింది, అమ్మా, ఇప్పుడు నేను బాగలేనా అని. ఏం చెప్పాలక్కా?

జవాబు: ఈ ఉత్తరం చదివి నేను కాసేపు రాయలేకపోయినా.

పాపకి చెప్పు, నువ్వు ఇప్పుడు కూడా బాగున్నావు అని. ఇది ఓదార్పు కోసం చెప్పమనడం లేదు. లేచిన ప్రభువు ఒంటి మీద మేకుల గుర్తులు అట్లాగే ఉన్నాయి. దేవుడు తలుచుకుంటే తుడిచేయలేడా? తుడవలేదు. ఆయన్ని గుర్తుపట్టడానికి ఆ గుర్తులే పనికొచ్చినాయి. అగస్టీన్ అనే పాతకాలపు బోధకుడు, హతసాక్షుల గాయాలు కూడా లేచిన ఒంట్లో కనపడొచ్చు, అయితే అవి లోపంగా కాదు, గౌరవంగా ఉంటాయి అని రాసినాడు. పాప కాళ్లు గాయం కాదు, అది నాకు తెలుసు, నేను చెప్పేది ఏంటంటే దేవుడి మహిమ ఎట్లా ఉంటుందో మన లెక్క ప్రకారం ముందే తేల్చేయకూడదు. అక్కడ నొప్పి ఉండదు, ఎవరూ ఆమెని వదిలేసి ముందుకి పోరు, ఇది ఖాయం. పరుగెత్తుతుందా, ఎట్లా ఉంటుంది అనేది ఆయనకి వదిలేద్దాం. మగ్దలేనే మరియ ఆయన్ని చూసి తోటమాలి అనుకుంది, మరియా అని పేరు పెట్టి పిలిస్తే అప్పుడు గుర్తుపట్టింది. మీ పాపని కూడా పేరు పెట్టే పిలుస్తాడు.

ఇంకొకటి మీ సంఘం వాళ్లకి. శరీరం లేస్తుందని నమ్మే సంఘం ఆ శరీరం గుడిలోకి రావడానికి మెట్లే పెట్టి కూర్చుంటే ఎట్లా? మీ గుడికి ర్యాంపు ఉందా అమ్మా? లేకపోతే కోత పండగ కానుకల్లోంచి ముందు అది కట్టించమని కమిటీలో అడుగు, నువ్వు అడగలేకపోతే నాకు రాయి, నేను మీ అయ్యగారికి ఉత్తరం రాస్తా. ఒకరు పాపని ఎత్తుకుని, ఇంకొకరు కుర్చీ ఎత్తుకుని వారం వారం మెట్లెక్కించేటప్పుడు పాప మొహం ఎట్లుంటుందో వాళ్లు చూడాల. పరలోకం మాట ఆ తర్వాత చెప్పొచ్చు.

శ్రీకాళహస్తి నుంచి ఒక తమ్ముడు:

కళ్లు దానం చేద్దామనుకుంటున్నా. మా అవ్వ, కళ్లు ఇచ్చేస్తే రేపు లేచినప్పుడు ప్రభువుని ఎట్లా చూస్తావు రా అంటుంది.

జవాబు: పుత్తూరు అమ్మకి రాసింది అవ్వకి చదివి వినిపించు, కాల్చిన ఒళ్లనే లేపేవాడు నీ కంటికి కొదవ చేయడు. ఒకరికి చూపు ఇచ్చిన కళ్లకి ఆయన దగ్గర ఏ నష్టమూ ఉండదని కూడా చెప్పు. ఒక్కటి గుర్తుపెట్టుకో, కార్డు మీద సంతకం పెట్టి బీరువాలో దాచేస్తే సరిపోదు, పోయినాక ఆరు గంటల లోపే కళ్లు తీయాలి. అందుకని అవ్వకి, ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పు, ఐ బ్యాంకు ఫోన్ నంబరు క్యాలెండర్ మీద రాసి పెట్టు. తెలియకపోతే ఆ ఆరు గంటలు ఏడుపులోనే అయిపోతాయి.